బొజ్జయ్య కొమ్ములు

తొంభై నాలుగు ఎండాకాలంల, కల్లుకు ఎక్కిన జీలుగు చెట్టు మీది నుంచి పడ్డడు బొజ్జయ్య. మెడ ఎముక విరిగింది. అప్పటికి నేను డిగ్రీ మధ్యలనే ఒదిలేసి, భద్రాచలం దిక్కు జీపు నడుపుతున్న. గూడెపోళ్లు ఆయన్ని మంచానికి కట్టి మోసుకొచ్చి నా జీపుల ఎక్కిచ్చిండ్రు. కాళ్లూ చేతులూ కదుల్తలేవు. కళ్లు మాత్రం ఆడుతున్నయ్.

ఖమ్మంల చూసి హైదరాబాద్ పంపిండ్రు. ఆడ గొంతు ముందటి నుంచి కోసి, నుజ్జయిన ఎముక తీసేసి, తుంటి నుంచి ముక్క తెచ్చి అతికిచ్చిండ్రు. దాని మీద స్టీలు పట్టీ పెట్టి మరలు బిగిచ్చిండ్రు. కొన్నాళ్లకు చేతులు కదిలినయ్, ఆ తర్వాత కాళ్లు.

"తమ్మీ, కొమ్ములు పెట్టుకోవచ్చునా?" అదే ఆయన మొదటి మాట.

కోయ పెండ్లిల మగోళ్లు అడవిదున్న కొమ్ములు నెత్తికి కట్టుకొని, మెడకు డోలు తగిలిచ్చుకొని ఆడుతరు. బొజ్జయ్యవి తండ్రి ఇచ్చిన కొమ్ములు. ఆటల ముందు నిలబడేది ఆయనే.

డాక్టర్‌ను అడిగిన. "తల మీద బరువు మోయొద్దు" అన్నడు. గదే చెప్పిన.

"అయితే కట్టెల మోపు బంద్. కొమ్ములు బరువెట్లయితయ్ తమ్మీ? అవే నన్ను మోస్తయ్."

"మోసినయ్ తీ. చెట్టు మీది నుంచి పడ్డనాడు యాడికి పోయినయ్?" అన్నది ఆయన భార్య జంపక్క.

మరుసటేడు జంపక్క తమ్ముడు పగిడయ్య ఇంట్ల పెండ్లి. బొజ్జయ్య కొమ్ములు కట్టుకున్నడు. డోలు మాత్రం జంపక్క గుంజుకున్నది. అడుగు బాగనే పడ్డది. నాకు పానం నిమ్మళమైంది.

అప్పుడు పగిడయ్య తల దించి, కొమ్ములు ముందలికి పెట్టి, మీదికొచ్చిండు. ఎదురు దున్న కూడ తల దించాలె. ఆటంతా గదే.

బొజ్జయ్య తల దిగలే. నడుము వంచబోతే తూలిండు. కొమ్ములు ఆకాశం దిక్కే ఉన్నయ్.

"వంచు బావా!"

"వంగుతలేదురా."

"దున్న గాదు, కరెంటు స్తంభం!" అన్నడు గుంపుల ఒక పడుచోడు. నవ్విండ్రు. డోళ్లు ఒక్కొక్కటే ఆగినయ్.

బొజ్జయ్య కొమ్ములు ఇప్పి తీస్కపోయి, ఆ నవ్వినోడి నెత్తికే కట్టిండు.

"నీకు వంగుతది కద. ఆడు."

మళ్ల డోళ్లు మోగినయ్. ఆయనొచ్చి నా జీపు బంపర్ మీద కూసున్నడు, అడవి దిక్కు మొఖం పెట్టి. ఆట చూడాలంటే ఒళ్లంతా తిప్పాలె. తిప్పలే.

అట్లనే అడిగిండు.

"ఎవడు మంచిగ తల దించుతుండు తమ్మీ?"