బట్టమేక పిట్టకు కట్టిన దడి

1956 ఆగస్టు అయిదు, ఆదివారం, పొద్దున ఏడుంబావు. వాడీ జంక్షను వైపు పోయే రైలు తాండూరు స్టేషనులో కూత వేస్తే, గాలి అటు నుంచి వీచే రోజుల్లో మా బీడు దాకా వినబడేది. ఆ కూత ఆగీ ఆగకముందే జీపు చప్పుడు విన్నాను కనుక గంట విషయంలో నాకు అనుమానం లేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆ పొద్దు మళ్లీ కళ్లముందుకు రావడానికి కారణం మా మనవరాలు. మొన్న వికారాబాదులో మా వాకిట్లో కరివేపాకు మొక్క నాటి, ఇల్లు కట్టగా మిగిలిన నాపరాతి ముక్కలను దాని చుట్టూ గుండ్రంగా నిలబెట్టి, "ఇగ దీన్ని ఎవ్వరు తొక్కరు అమ్మమ్మా" అని చేతులు దులుపుకుంది. వాన పడి వెలిసిన పూట. తడిసిన రాళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఆ రాళ్లు తీసేసి కాసింత ముళ్లకంప పెట్టమన్నాను. ముసలిదాని చాదస్తం అనుకుని నవ్వి ఊరుకుంది. దానికి చెప్పనిది, నా ఈడు వాళ్లకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

మాది యాలాలుకూ పెద్దేముల్‌కూ మధ్యనున్న ఒక చిన్న ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. నాయనకూ, ఆయన తమ్ముడైన మా కాకకూ కలిపి నూట ఇరవై దాకా గొర్రెలుండేవి. ఊరి పడమట ఎర్రమొరం నేల మీద ఎటు చూసినా గడ్డే ఉన్న బీడును రమ్నా అనేవాళ్లు. జాగీర్దారు తన గుర్రాల మేతకోసం తరతరాలుగా నాగలి తగలనీయకుండా ఉంచుకున్న నేల అది. మందను అందులోకి తోలాలంటే పుల్లరి కట్టాలి, కావలివాళ్ల తిట్లు పడాలి. 1948లో పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు జాగీరు పోయింది, పుల్లరి పోయింది, కావలివాళ్లూ పోయారు. ఆ రోజు నాయన గొంగడి ఎగరేసి పట్టుకోవడం నాకు గుర్తుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కావలి లేని బీటికి ఇక ఎవరైనా రావచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రమ్నాలో బట్టమేక పిట్టలుండేవి. చూసిన కళ్లు ఇప్పుడు ఎన్ని మిగిలాయో తెలియదు కనుక చెబుతాను. నిలబడితే పదేళ్ల పిల్ల భుజాల దాకా వచ్చే పక్షి. తెల్లని పొడవు మెడ, తలమీద నల్లటి టోపీ, గోధుమవన్నె వీపు. దూరం నుంచి చూస్తే గడ్డిలో మేకపిల్ల మెడ చాచి నిలబడ్డట్టే ఉంటుంది. వానలు మొదలయ్యాక పోతు మెడ సంచిని ఊదుకుని, ఖాళీ కుండలోకి ఊదినట్టు బొంగురుగా మూలిగేది. మబ్బు పట్టిన పొద్దున బీడు నలుమూలల నుంచి ఆ మూలుగు వస్తుంటే నేలే ఊపిరి తీస్తున్నట్టుండేది. పెట్ట ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు. వట్టి నేల మీద, గడ్డి దుబ్బు పక్కన పెట్టి, నెల రోజులు పొదుగుతుంది. నూట ఇరవై గొర్రెలు నడిచే చోట ఆ ఒక్క గుడ్డుకు ఏ పాటి భద్రం?

అందుకే మా వాళ్లలో ఒక ఆచారం ఉండేది. గుడ్డు ఎవరి కంట ముందు పడితే వాళ్లు, పెట్ట మేతకు పోయిన వేళ చూసి, గుడ్డుకు నాలుగు బారల ఎడంగా చుట్టూ రేగుకంప పరిచి దడి కట్టాలి. గుడ్డు మీద నీడ పడనీయకూడదు, రెండోసారి దగ్గరికి పోకూడదు. దడి కనబడితే ఏ ఊరి మందైనా పక్కకు మళ్లాలి. పిల్ల లేచి తల్లి వెంట నడిచిపోయేదాకా దడి కట్టినవాడిదే పూచీ. బట్టమేక తిరిగే బీట్లో గడ్డి తగ్గదని మావాళ్ల నమ్మకం. తోడేలు వస్తే అందరికన్నా ముందు ఆ పిట్టే మెడెత్తి చెబుతుందన్నది మాత్రం నేను కళ్లారా చూసిందే.

ఆ నెల రోజులూ మా అవ్వకు, అంటే మా అమ్మకు, నాయనను ఆడిపోసుకోవడానికి మంచి సందు. "మీ నాయినకు ఇంట్ల పొయ్యి మీద ఏముందో ఎరుక లేదు గని, బీట్ల పిట్టకు ఎన్నో దినమో మాత్రం మంచిగ ఎరుకే," అని జొన్నరొట్టె తడుతూ నాతో అనేది, ఆయనకు వినబడేటట్టు. "పిట్ట సతాయించదే, గుడ్డు మీద కూసున్నదంటె నోరు తెరువది," అని నాయన గోడకు చెప్పినట్టు చెప్పేవాడు.

1952 ఎండాకాలంలో కాక తాండూరు నాపరాళ్ల గనిలో కూలికి పోయాడు. పలకలు తీయగా పనికిరాని ముక్కలు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి. మోకాలెత్తు ముక్కలు ఏరి, ఒక బండెడు రమ్నాకు తోలుకొచ్చాడు. చుట్టుపక్కల కొత్త పొలాలు పడుతుండడంతో రేగుకంప కొట్టుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారు, కట్టిన దడి కూడా పొయ్యిలోకి పోతోంది. రాళ్లను ఎవరూ ఎత్తుకుపోరు గదా అన్నది కాక ఆలోచన. నిలువుగా పాతిన ఆ పలకలు మైలు దూరానికీ తళతళమని కనబడేవి. ఆ ఏడు ఒక్క గుడ్డు కూడా గొర్రె కాలికింద పడలేదు. మరుసటి ఏడు అందరూ కంప మానేసి రాళ్లకే మళ్లారు. "సూసినవా వదినా, పిట్టకు బంగ్ల గట్టిచ్చిన," అని కాక మా అవ్వ దగ్గర గొప్పలు పోతే, "ఎవ్వలకు కనవడకుంట కనేది అది. దానికి బంగ్ల ఎందుకు?" అని ఆమె అంది. కాక పడిపడి నవ్వాడు. మేమూ నవ్వాం.

ఇక ఆ ఆదివారం. ఆ ఏడు తొమ్మిది దడులుండేవి, అందులో రెండు నాయన కట్టినవి. నేను సద్ది తీసుకుని వచ్చి నాయన పక్కనే ఉన్నాను. జీపు బాట మీద ఆగింది. ఇద్దరు మనుషులు దిగి, దుర్బిను పెట్టి రమ్నాను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. చాలాసేపు చూశారు. వాళ్లలో టోపీ పెట్టుకున్నాయన నాయనను మర్యాదగానే పిలిచి, ఆ రాళ్లు చూపించి, "యే కబ్రాం హై క్యా?" అని అడిగాడు. సమాధులా అని.

"కబ్రాలు గావు సాబ్," అన్నాడు నాయన. అడిగినందుకు ఆయనకు సంతోషమైంది. "బట్టమేకలు పురుడు పోసుకునే జాగలు. మేమే గట్టినం."

టోపీ ఆయన తల ఊపి, చాలా మంచి పని అన్నాడు. నాకొక పిప్పరమెంటు బిళ్ల ఇచ్చాడు. జీపు మళ్లిపోతుంటే నాయన దడులను చేత్తో చూపిస్తూ మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

బట్టమేకను తుపాకికి అందనీయడం అంత సులువు కాదు. ఎత్తయిన మెడ, ఎటు చూసినా విప్పారిన బీడు. మనిషి పొడ కనబడితే చాలు, పావుకోసు దూరం నడిచిపోతుంది. కానీ గుడ్డున్న పెట్ట ఎంత దూరం పోయినా తిరిగి గుడ్డు మీదికే రావాలి. ఆ వచ్చే చోటు ఏదో ఇప్పుడు బాట మీద నుంచే కనబడుతోంది. ఎడ్లబండికి ఆ పిట్టలు బెదరవు. రెండు ఆదివారాలు వరసగా వచ్చి, బండి అద్దెకు తీసుకుని, దాని చాటున కూర్చుని వాళ్లు ఒక్కొక్క దడి దగ్గర ఆగారు. వెంటాడాల్సిన పనే లేకపోయింది. ఆరు పెట్టలు పోయాయి. నాయన అడ్డం పడితే టోపీ ఆయన కోప్పడను కూడా లేదు. గొర్రెలు నీవి గాని పిట్టలు నీవి కావు గదా అన్నాడట. తుపాకుల మోతకు బెదిరి ఇంకో రెండు పెట్టలు గుడ్లు వదిలి వెళ్లిపోయాయి, వాటిని కాకులు పొడిచాయి. ఒకే ఒక్క పిల్ల లేచింది. చల్లబడిన గుడ్ల చుట్టూ రాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తన నోటితో చెప్పిన మాటే పిట్టల ప్రాణం తీసిందని నాయన ఆ చలికాలమంతా అనలేదు, ఆయన ముందు మేమూ అనలేదు. వచ్చే ఏడు ఒక్క పిల్లనైనా లేపి చూడకపోతే ఆ బీట్లో మంద కాయనని మాత్రం అవ్వతో అన్నాడట. గొర్లకాపరి అలా అన్నాడంటే అది అన్నం వదిలేస్తాననడమే.

ఉపాయం కాకదే. 1957 వానలకు ముందే గని నుంచి బండ్లకొద్దీ ముక్కలు తోలి, పాత దడుల రాళ్లూ పీకి వాటిలో కలిపి, రమ్నా అంతటా, గుడ్డు లేని చోట, నలభై దొంగ దడులు కట్టాడు. అన్నదమ్ములిద్దరూ పదహారు రోజులు పనిచేశారు. ఆ ఏడు గుడ్లు పెట్టినవి రెండే పెట్టలు, వాటికీ దడులు కట్టారు. మొత్తం నలభై రెండు. జీపు వచ్చింది. ఖాళీ దడుల ముందు పొద్దంతా కాచుకుని, మరొకదాని దగ్గరికి మారి, చివరకు తిట్టుకుంటూ పోయింది. "పోండ్రి, రాళ్లు పొదుగుతున్నయ్, జర ఆగుతె పిల్లలైతయ్," అని కాక గట్టు మీద గొంగడి కప్పుకుని గొణుక్కున్నాడు. ఒక గుడ్డును నక్క తిన్నా, రెండోది పిల్లయి తల్లి వెంట నడిచింది. ఆ రోజు మా ఇంట్లో అవ్వ పాయసం వండింది. మా ఇంట్లో నేను చూసిన చివరి సంబరం అదేనని ఇప్పుడనిపిస్తుంది, అంతకంటే పెద్దవి తర్వాత చాలానే జరిగినా.

మరుసటి ఏటికి రమ్నా పట్టాలైంది. చేతులు మారి, చివరకు అంతా తాండూరులో కందులు కొనే ఒక వ్యాపారి వశమైంది. ఆ వానాకాలం మూలుగు వినబడలేదు. చెవులు రిక్కించి విన్నాం. పోతులన్నీ ఎటు పోయాయో తెలియదు. ఒకే ఒక్క పెట్ట ఉండేది. అది గుడ్డు పెట్టిందని నాయన ముఖం చూసి తెలుసుకున్నామే తప్ప, ఎక్కడో ఆయన ఎవరికీ చెప్పలేదు. అవ్వకు చెప్పలేదు, నాకు చెప్పలేదు, నోట్లో మాట దాగని తమ్ముడికి అసలే చెప్పలేదు. దడి కూడా కట్టలేదు. దడి చూసే గదా చంపారు. ఈసారి ఏ గుర్తూ లేకుండా, పూర్వం ఆ పిట్ట తన తెలివితో దాక్కున్నట్టే దాక్కోనీయాలనుకున్నాడు. తను మాత్రం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా దూరంగా గట్టు మీద కూర్చుని, ఆ వైపు వచ్చే మందలను కేకతో మళ్లించేవాడు.

ఆగస్టు చివర్లో, ఆ బీడు దున్ని జొన్న వేస్తారని, ట్రాక్టరు రెండు రోజుల్లో వస్తుందని తెలిసింది. 25వ తేదీ సోమవారం తెల్లవారుజామునే, ఇరవై రోజులు ఆగమని వ్యాపారి కాళ్లు పట్టుకోవడానికి నాయన తాండూరు నడిచాడు. నేను టీచరు ట్రైనింగుకు వికారాబాదు పోవడానికి ఇంకా వారం ఉంది, ఇంట్లోనే ఉన్నాను. వాన తెరిపి ఇవ్వడంతో ట్రాక్టరు ఒకరోజు ముందే, ఆ పొద్దున్నే వచ్చేసింది.

డ్రైవరు సరిహద్దు అవతలివాడు, సగం కన్నడం మాట్లాడే కుర్రవాడు. కాక బండికి ఎదురుగా పరుగెత్తి చేతులు జోడించాడు. "తమ్మీ, నీకు పుణ్యముంటది. గా రాళ్లున్న కాడ మాత్రం ముట్టకు. పిట్ట గుడ్డు పెట్టింది, ఏ దాంట్లనో నాకు గూడ ఎరుక లేదు."

"ఆయ్తు అణ్ణా," అన్నాడా కుర్రవాడు. "గుడ్డు పాపం నాకెందుకు? ఒక్క రాయి గూడ ముట్టను."

మాట తప్పలేదు. ప్రతి దడి దగ్గరా ట్రాక్టరు నిదానించి, ఒక మూరెడు ఎడంగా మళ్లించి, చుట్టూ తిప్పుకుని పోయాడు. నేనూ అవ్వా బాట మీద నిలబడి చూశాం. కాక ఒక్కొక్క దడి దాటిన కొద్దీ తృప్తిగా తల ఊపాడు.

నాయన వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వ్యాపారి అన్ని రోజులు ఆగనన్నాడు గానీ, గుడ్డు చుట్టూ కావలసినంత చోటు దున్నకుండా వదిలించుకొమ్మన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన దాదాపు పరుగున వచ్చాడు. గట్టెక్కి చూశాడు. తడి ఎర్రమట్టి తిరగబడి కొసదాకా పరుచుకుని ఉంది. దాని నడుమ ఆకుపచ్చ బిళ్లల్లా నలభై రెండు దడులు, గడ్డితో సహా నిలిచి ఉన్నాయి. కాక ఎదురుపోయి, "ఏ ఒక్కటి చెడలే అన్నా, పోరడు మంచోడు," అన్నాడు.

నాయన దడుల వైపు చూడలేదు. ఏ గుర్తూ లేని ఒక చాలు వెంట నడిచి, ఒకచోట ఆగి, చాలాసేపు వంగి ఉన్నాడు. తిరిగొచ్చి, "రాళ్లకు మంచిగ మర్యాద జేసిండు," అన్నాడు. అంతే.

ఆ దీపావళికి మంద అమ్మేశారు. 1959 జూలైలో ఆ పెట్ట ఒక దడి లోపల, మిగిలిన కాసింత గడ్డిలో, నాలుగు రోజులు మెడెత్తి నిలబడి ఉండడం చూశామని ఊళ్లో వాళ్లు చెప్పారు. అయిదో రోజు లేదు. ఇప్పుడక్కడ కంది చేన్లు, వాటి వెనక గనుల గుంతలు. రైలు కూత అటు వినబడుతుందో లేదో నాకు తెలియదు. వినడానికి ఆగేవాళ్లు ఉన్నట్టు లేదు. కాపాడడమంటే చుట్టూ ఏదో ఒకటి కట్టడమే అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

మూడేళ్లలో గుడ్లు పన్నెండు. లేచిన పిల్లలు రెండు. తుపాకికి పోయిన తల్లులు ఆరు. కాకులు తిన్న గుడ్లు రెండు, నక్క తిన్నది ఒకటి, చల్లబడి పోయినవి ఆరు, నాగలి కింద పోయినది ఒకటి. అమ్ముడైన గొర్రెలు నూట పద్దెనిమిది. రాళ్ల దడులు నలభై రెండు. అవన్నీ భద్రంగానే ఉన్నాయి.