తడి ఆరని చోటు

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీకి రైతుల బుకింగ్ యాప్ చేసేటప్పుడు మా మీదికొక మేనేజర్‌ని పెట్టినారు. ఆయనకు కోడ్ ఒక్క ముక్క తెలీదు. రోజూ పొద్దున్నే నా కుర్చీ పక్కన నిలబడి, "నిన్న చెప్పింది ఇంగోసారి చెప్పప్పా" అనేవాడు. చెప్పింది చిన్న నోటుబుక్కులో రాసుకొని పోయేవాడు. అర్థంకాక అడుగుతాండాడో, ఓనరుకు చాడీలు చెప్పేదానికి అడుగుతాండాడో తేలక నాకు ఒళ్లు మండేది.

ఒకసారి టీ తాగుతా, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వాళ్ల నాయన గురించి చెప్పినాడు.

"లారీలోంచి రాయి దిగినాక మా నాయన వెంటనే ఉలి ముట్టడు. ముందు బిందెడు నీళ్లు పోస్తాడు. రాయంతా ఆరిపోతాది. పగులున్న కాడ మాత్రం తడి నిలుస్తాది."

ఈ కథ మాకెందుకు అనుకున్నా.

యాప్ రైతులకు ఇచ్చే ముందురోజు ఆయన నోటుబుక్కు నా బల్ల మీద కనపడింది. ఓనరుకు ఏం ఎక్కిస్తాండాడో చూద్దామని తెరిచినా. సిగ్నల్ లేని ఊర్లో రైతు బుక్ చేస్తే అది పోకుండా ఉంటాదా అన్న ప్రశ్న, దాని కింద నా జవాబులు. సోమవారం, "అయిపోయింది సార్." మంగళవారం, "దాదాపు అయిపోయింది సార్." బుధవారం, "అయిపోయినట్టే సార్." నిజానికి నేను దాన్ని ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

ఆ మూడింటి కింద ఆయన రాసుకున్నది ఒక్కటే: "తడి ఆరలేదు."

ఆ నోటుబుక్కును ఎవరి చేతికీ ఇయ్యని మనిషి దాన్ని నా బల్ల మీద మరిచిపోయినాడంటే, నేనిప్పటికీ నమ్మను.