అక్క పెళ్లి పాలికలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ రెండో సంవత్సరం, అందులోనూ వృక్షశాస్త్రం చదివే పిల్లకు ఉండే తెలివి మనిషికి మళ్లీ ఈ జన్మలో రాదు. అమ్మ వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని అందులో అండాశయం ఎక్కడుందో చూపించేదాన్ని (ఆ రోజు ఎవరూ కూర తినేవాళ్లు కాదు). ఆదోనిలో మాది ధాన్యం కొట్టు. నాన్న నాలుగు శనగలు అరచేతిలో వేసుకుని కౌతాళం వైపు నుంచి వచ్చినవా, పెద్దకడుబూరు వైపువా అని ఇట్టే చెప్పేవాడు. అలాంటి మనిషికి నేను గింజ అంటే ఏమిటో పాఠం చెప్పేదాన్ని. "నాన్నా, ఇది ఉత్త సరుకు కాదు. లోపల ఒక పిల్లమొక్క పడుకోనుంటాది. తినేకి దాని సద్దిమూట అదే కట్టుకోనుంటాది. పైన తొక్క దానికి దుప్పటి. నీళ్లు, గాలి, కొంచెం వెచ్చదనం దొరికితే లేస్తాది" అంటే, నాన్న తలెత్తకుండా, "పడుకోనీలే పాపా. అది లేస్తేనే మనకు కష్టం" అనేవాడు. కొట్లో గింజ మొలిచిందంటే బస్తా తడిసిందని అర్థం. వానాకాలమంతా ఆయన చూపు గోడౌన్ కప్పు మీదే ఉండేది.

అక్కకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. వాళ్లదీ ధాన్యం వ్యాపారమే. మా ఇళ్లలో పెళ్లికి కొన్ని రోజుల ముందు ముత్తైదువులు మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తారు. పెళ్లినాటికి అవి పచ్చగా మొలిచి పీటల దగ్గర ఉండాలి. మొలకలు బాగుంటే కాపురం బాగుంటుందని నమ్మకం. పెళ్లికొడుకు వాళ్లవ్వ అయితే ఫోన్ చేసి మరీ చెప్పింది, "మొలకలు మొదలు నేను సూడాల, ఆ తర్వాతే ఎవరైనా" అని. దాంతో పాలికలు చూసుకునే బాధ్యత నాకు అప్పగించారు. అప్పగించారు అనడం కంటే నేనే లాక్కున్నాను అనడం న్యాయం. "ఇది పూజ కాదు, అంకురోత్పత్తి" అని మా మేనత్తకు చెప్పినట్టు కూడా గుర్తు. ఆమె ఆ రోజు నుంచి నన్ను సైంటిస్టమ్మా అని పిలవడం మొదలుపెట్టింది.

మొదటిరోజు గింజలు నీళ్లు తాగి ఉబ్బాయి. నేను ఇంటికొచ్చిన చుట్టాలందరినీ పిలిచి చూపించాను. రేపు తొక్క చిట్లుతుందనీ, ముందు వేరు కిందికి దిగుతుందనీ, తర్వాతే ఆకు పైకి లేస్తుందనీ చేతులు ఊపుకుంటూ చెప్పాను. మరునాడు ఏమీ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. నేను పొద్దున ఒకసారి, కాలేజీ నుంచి వచ్చి ఒకసారి పుల్లతో మట్టి కెలికి చూసేదాన్ని. చివరికి పాలికల్లోంచి పులిసిన పిండి వాసన రావడం మొదలైంది. "ఏమే సైంటిస్టమ్మా, నీ పిల్లమొక్కలు ఇంగా లేయల్యా?" అని మేనత్త పలకరిస్తే, "నిద్రావస్థ అని ఒకటుంటుంది" అని పుస్తకం చదివినట్టు చెప్పి మేడ మీదికి వెళ్లిపోయాను.

అక్కడ అక్క ఒంటరిగా కూర్చుని ఉంది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి ఆ రోజు మెల్లగా, "నాకు బయమైతాందే. దేవునికి ఇష్టం లేదేమో" అంది. పెళ్లి ఎల్లుండి. ఆమె కళ్లలో నీళ్లు చూసేసరికి నా చదువంతా ఎందుకూ కొరగాలేదు. పెళ్లికొడుకు వాళ్లవ్వ వచ్చి ఉత్త మట్టి చూస్తే ఏమంటుందో, అక్క ఏ మనసుతో పీటల మీద కూర్చుంటుందో అని దిగులు పట్టుకుంది.

కిందికొచ్చి వంటింట్లో మిగిలిన నవధాన్యాల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. దిగులు పడితే ఏదో ఒకటి నమలడం నాకు అలవాటు. నాలుగు శనగలు నోట్లో వేసుకున్నాను. కరకరమని భలే కమ్మగా ఉన్నాయి. ఇంకో గుప్పెడు వేసుకున్నాను. అప్పుడు వెలిగింది, పచ్చి శనగ ఇంత రుచిగా ఉండదు కదా అని.

"అమ్మా, వీటిని ఏం చేసినావ్?" అన్నాను.

"ఏం చేస్తా? బాణట్లో ఏసి ఊరికే అట్ల సెగ సూపిచ్చినా. పురుగు పట్టిన గింజలు పెండ్లిపీటల కాడ పెడితే మన కొట్టు పేరేం కావల్ల?" అంది అమ్మ, నేను మెచ్చుకుంటానన్నట్టు.

ఇన్ని రోజులూ నేను పాఠాలు చెప్పింది వేయించిన శనగలకు. వేడికి లోపలి పిల్లమొక్క ఎప్పుడో పోయింది. నీళ్లకు ఉబ్బడానికి ప్రాణంతో పనిలేదు, చచ్చిన గింజ కూడా శుభ్రంగా ఉబ్బుతుంది. ఆ ముక్క మా పాఠ్యపుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా.

నాన్నకు చెబితే అప్పటికప్పుడు కొట్టు తెరిపించాడు. కొత్తగా వచ్చిన పెసలు, ఉలవలు, అలసందలు తెచ్చాడు. ఎండాకాలం కదా, ఇవైతే త్వరగా లేస్తాయని ఆశ. వాటిని నానబెట్టి తడిగోనెలో చుట్టాము. బస్తా మీద చినుకు పడితే మనుషుల మీద కేకలేసే మా నాన్న, ఆ గోనె మీద తన చేత్తో నీళ్లు చల్లుతుంటే అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాటిమాటికీ వచ్చి, "లేసినాయా పాపా?" అని అడిగేవాడు, లోపల ఎవరో పడుకున్నట్టు గొంతు తగ్గించి. మరునాటికి తెల్లగా తోకలు వచ్చాయి. ముత్తైదువులను మళ్లీ పిలిచి, పాలికల్లో కొత్త మట్టి పోసి చల్లించాము.

పెళ్లిరోజు పొద్దున వాళ్లవ్వ నేరుగా పాలికల దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. "పెసలుండాయి, ఉలవలుండాయి, అలసందలుండాయి. కడమవి యాడ?" అంది. నేను నిద్రావస్థ గురించి మొదలుపెట్టబోయాను. ఈలోపు పీటల మీదున్న అక్క తలెత్తి, "అమ్మ వేయించిందవ్వా. అవి మొలవల్యా. ఇవి మొన్న నానేసినవి" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మ స్తంభం వెనక్కి జరిగింది.

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మా యమ్మ కూడా ఇదే పని సేసింది. మాదీ కొట్టే గదా తల్లీ, పురుగంటే బయం. నా పాలికల్లో ఒక్కటంటే ఒక్కటి మొలవల్యా. అదో సూడు మీ తాత, నా కండ్లద్దాలు యాడ పెడితివని ఇంగా నా ఎనకాలే తిరుగుతాండాడు" అంది. అక్క నవ్వింది. ఆ పెళ్లిలో అందరికంటే ముందు నాకే కళ్లు తడిశాయి.

పెళ్లయ్యాక మొలకలను నీళ్లలో కలపాలి. నాన్న ఒక పాలికను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి, మేడ మీద పాత బకెట్లో మట్టి పోసి పెసర మొలకలు నాటాడు. పొద్దున కొట్టుకు పోయే ముందు నీళ్లు పోసి, ఎమ్మిగనూరికి ఫోన్ చేసి, "ఇంకో ఆకు ఏసిందిమ్మా" అని అక్కకు చెప్పేవాడు. అక్క అక్కడ ఏమి వండిందో, నిద్ర బాగా పడుతోందో అడిగి పెట్టేసేవాడు. నేను ఊరుకుంటానా? "నాన్నా, పెసర కాయ కాసినాక ఎండిపోతాది. దాని మీద అంత ప్రేమ పెంచుకోవద్దు. పైగా నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతాది" అని వివరంగా చెప్పాను. "సరేలే పాపా" అని ఆయన ఇంకో చెంబు పోశాడు.

ఇప్పుడు నేను బడిలో విత్తనాల పాఠం చెబుతాను. చెబుతున్నప్పుడల్లా మేడ మెట్ల మీద నిలబడి నాన్నకు బోధ చేస్తున్న ఆ పిల్ల కనిపిస్తుంది. పాపం, దానికి అన్నీ తెలుసు. నాన్న నీళ్లు పోస్తున్నది పెసర మొక్కకేనని అనుకుంది.