పైకెళ్లి అన్న ఒక్క మాట

ఈ పొద్దున పోలీసు అమీన్ సాబు ఇద్దరు జవాన్లతో వచ్చి, నా కొడుకు నరసింహను భువనగిరి ఠాణాకు పట్టుకుపోయాడు. నరసింహ హైదరాబాదులో చుక్కల లెక్కలు చూసే కొలువులో ఉన్నాడు. సూర్యుడి నుంచి వచ్చే చప్పుడు రేడియోలో పట్టొచ్చని ఎక్కడో చదివి, సెలవుల్లో ఇక్కడి రాతిగుండు మీద పొడుగాటి తీగ కట్టి వింటున్నాడు. మా హైదరాబాదు సర్కారుకూ ఢిల్లీకీ పడని రోజులివి. ఆ తీగను చూసి ఎవరో చాడీ చెప్పారు.

పట్టుకుపోయే ముందు అమీన్ సాబు నన్నే అడిగాడు.

“ముసలమ్మా, గీ రేడియో డబ్బాలకు ఖబర్ ఏడికెళ్లి వస్తది?”

“పైకెళ్లి వస్తది సారూ.”

“పైన అంటే ఢిల్లీనా?”

“ఢిల్లీ నాకేమెరుక? మస్తు దూరమని నా కొడుకు చెప్పిండు.”

“ఆడికెళ్లి ఏం చెప్తరు?”

“మాటలుండవు సారూ. బుస్సుమంటదంతే.”

“అంటే దొంగ ఇశారా, చాటు సైగ,” అని నవ్వి, ఏదో రాసి, నా బొటనవేలు పట్టి ముద్ర వేయించుకున్నాడు. కాగితంలో ‘పైన’ బదులు ఢిల్లీ అని ఉందని, అక్కడే నిలబడ్డ బడి పంతులు వాళ్లు పోయాక చెప్పాడు. ఆ మనిషి చేతనే ఇప్పుడు ఇది రాయిస్తున్నాను.

నా కొడుకు మీద సాక్ష్యం చెప్పింది నేనేనట. చదివేవాళ్లు మీరే చెప్పండి, పైన అంటే మీ ఊళ్లో చెయ్యి ఎటు చూపిస్తారు?