పాలగంజి నేర్పిన ఆకలి

గల్ఫ్ యుద్ధం రోజుల్లో స్కడ్ క్షిపణి సైరన్ మోగితే సౌదీలోని దమ్మామ్‌లో ఎవరి దేవుడు వాళ్లకు గుర్తొచ్చేవాడు. ఆర్మూరు వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి లింబాద్రికి మాత్రం ఆ రోజు నిచ్చెన కూడా గుర్తు రాలేదు. పరంజా మీది నుంచి దూకేశాడు. బాంబు ఎక్కడా పడలేదు. ఇతని తొడ ఎముక మాత్రం విరిగింది.

ఆస్పత్రిలో నొప్పికి నల్లమందు జాతి సూది వేసేవారు. ఒళ్లు తేలిపోతుండగానే గిన్నెల బండి కీచుమంటూ వచ్చేది. అందులో చప్పటి పాలగంజి. ఇంటి దగ్గరైతే దాన్ని దూడకు పోసేవాడు, ఇక్కడ గిన్నె నాకాడు. కొన్నాళ్లకు బండి చక్రం చప్పుడుకే నోరూరడం మొదలైంది.

క్యాంపు గదికి తిరిగొచ్చాక అన్నం మట్టిలా, పప్పు బురదలా అనిపించింది. కడుపు కాలుతూనే ఉండేది, తినాలన్న కోరిక మాత్రం పుట్టేది కాదు. బయట ఎవరైనా ఇసుక బండి తోస్తే నోటినిండా నీళ్లు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నషా మనిషి అన్న పేరొస్తే ఈ దేశంలో మెడ మీద తల నిలవదని అతని భయం.

గదిలో తోడుండే ఎల్లన్నది జాలిగుండె. పాలగంజి కాచి పెట్టాడు. ఆస్పత్రివాళ్లిచ్చిన, ఆ సూది జాతివే అయిన నొప్పి మాత్రలు మింగితే లింబాద్రికి వాంతి అవుతోందని, పిల్లలకు బెల్లంలో మందు దాచినట్టు వాటిని నూరి గంజిలో కలిపేవాడు. ఆ మాట అతనికి చెప్పలేదు. లింబాద్రి గంజి ఊడ్చేశాడు. ఎల్లన్న మురిసిపోయాడు. తర్వాత మాత్రలు అయిపోయాయి. గంజి కూడా గొంతు దిగడం మానేసింది.

వచ్చే శనివారం కంపెనీ డాక్టరు చూస్తాడు. ఒంట్లో బలం ఉంటే పని, లేకపోతే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఊరికి పంపేస్తారు. అద్దంలో దవడలు చూసుకుని లింబాద్రి నిద్రపోవడం మానేశాడు.

ఆ గడువు ఇంకా ఎనిమిది రోజులుందనగా, శుక్రవారం నాడు ఫయాజ్ వచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి, ఆస్పత్రిలో కాంపౌండరు. ఎల్లన్న నసుగుతూ మాత్రల సంగతి బయటపెట్టాడు.

"ఏందబ్బా, గంజిలో కలిపినావా?"

"వాంతి చేసుకుంటుండె. మరి లోపలికెట్ల పోవాలె?"

"నువ్వు పెట్టింది గంజి కాదు, పాఠం. మన మెదడులో నల్లమందు మాదిరి సరుకు దానంతట అదే ఊరుతాది. తిండి బాగుందనిపించేది, మళ్లా కావాలనిపించేది చాలామటుకు దానివల్లే. బయటినుంచి అట్లాంటిదే పోసినామనుకో, పక్కన ఏ తిండి ఉంటే దానికే మార్కులన్నీ. తక్కినవి ఫెయిలు."

"గంజి గూడ ఫెయిలైంది గదనే," అన్నాడు ఎల్లన్న.

"మందు రాలేదు కదా. మెదడు మోసపోయినాను అనుకుంటాంది."

లింబాద్రి గొంతు తగ్గించాడు. "అన్నా, నిజం చెప్పు. నేను నషాల పడ్డనా?"

"లేదులే. డాక్టరు ఇచ్చిందే తిన్యావు. నేర్చింది మర్చిపోయేదానికి టైం పడతాది. ఆకలేసినప్పుడు నాలుగు ముద్దలు తిని లెయ్. రుచి కోసం చూడాకు."

"శనారం దాకా అయితదా?"

"చెప్పలేనబ్బా. ముద్ద మాత్రం మానాకు," అన్నాడు ఫయాజ్ టీ ఊదుకుంటూ.

ఆ వారమంతా ఇటుకలు ఎత్తినట్టు ముద్దలు ఎత్తాడు. ఎల్లన్న ఎదురుగా కూర్చుని సతాయించేవాడు. "కొత్తల్లుని లెక్క సిగ్గుపడుతున్నవేందిరా. తిను." సగం కంచం మిగిలేది. మిగిలిన ప్రతిసారీ విమానం కనబడేది.

బుధవారం చేపల పులుసు. ఎల్లన్న ఏదో చెబుతూ ఉన్నట్టుండి ఆగాడు. "నా ఉల్లిగడ్డ మీద చెయ్యేందిరా, దొంగ?"

లింబాద్రి తన వేళ్లవైపు చూసుకున్నాడు. ఉల్లి ముక్క అప్పటికే సగం కొరికి ఉంది. ఎవరూ తినమనలేదు. ఎల్లన్న తన కంచంలో ఉన్న ఉల్లి ముక్కలన్నీ ఇటు తోశాడు. లింబాద్రి వాటిని ముట్టలేదు. ముట్టుకుంటే మళ్లీ మట్టిలా తగులుతుందేమోనని భయం.

శనివారం డాక్టరు కాలు నొక్కాడు, రెప్ప లాగి చూశాడు, బరువు తూచి మొహం చిట్లించాడు. నెల రోజులు స్టోరులో కూర్చోబెట్టమని, మళ్లీ తీసుకురమ్మని ఫోర్‌మన్‌కు చెప్పాడు.

"నెల దొరికింది పో," అన్నాడు బయట నిలబడ్డ ఎల్లన్న.

"నెలయినంక?"

"ఇంకో ఉల్లిగడ్డ కోస్త."

ఎల్లన్న నవ్వాడు. లింబాద్రికి నవ్వు రాలేదు. మధ్యాహ్నం కావస్తోంది. తనను లాగుతున్నది ఆకలో భయమో తేల్చుకోలేక మెల్లగా మెస్సు వైపు కుంటుతూ నడిచాడు.