పెద్దన్న కుడిచెయ్యి

శ్రావణమాసం, సోమవారం ఉదయం. హాజరైనవారు: నేను, బావ (మా అక్క భర్త), పెద్దన్న (మా అన్న కాదు, ఫ్యాక్టరీలో అందరూ అలాగే పిలిచేవారు), ఇద్దరు ఫిట్టర్లు. అందరమూ సైకిళ్ళ మీద.

ఆ రోజుల్లో రోడ్డు మీద చెయ్యి చాస్తే అటు తిరుగుతున్నామని అర్థం. ఇప్పుడు ఉప్పల్ మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటబోతూ నేను చెయ్యి చాస్తే, ఎవరో కుర్రాడు బైకు ఆపి "యాడికి పోవాలె అంకుల్, ఎక్కున్రి" అంటాడు. (ఒకసారి మొహమాటపడి ఎక్కాను కూడా.)

అప్పట్లో మేము చిల్కానగర్‌లో ఉండేవాళ్ళం. నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో నేను కొత్త గుమాస్తాను. బావ అక్కడే టర్నర్, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆయన ఆలస్యాలు చూసి చూసి ఫోర్‌మన్, "ఇంకొక్కసారి సైరన్ దాటినంక వస్తే గేటు కాడి నుంచే వాపస్ పోవాలె" అని తేల్చేశాడు. అక్కకేమో నెలలు నిండుతున్నాయి. బావను వేళకు చేర్చడం నా బాధ్యత అయింది. పైగా క్షేమంగా చేర్చాలి. ఆ ఇరుకు దారిలో లారీలు, బస్సులు, గేదెలు, కబుర్లాడుకుంటూ పక్కపక్కనే సాగే మా సైకిళ్ళు, అన్నీ ఒకే తారు ముక్క కోసం పోటీ పడేవి. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఒకరి వెనక ఒకరు పోవాలి. ముందున్నవాడు చెయ్యి చాస్తే వెనకవాళ్ళంతా చాచి తిరగాలి, ఎందుకని అడగకూడదు. ముందు పెద్దన్నను పెట్టాం. ఉప్పల్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, ఆ దారిలో ఆయనకు తెలియనివారు లేరు. (అందులోని ప్రమాదం నాకప్పుడు తట్టలేదు.)

ఆ ఉదయం పెద్దన్న కుడిచెయ్యి ఠీవిగా లేచింది. నేను చాచాను, బావ చాచాడు, ఫిట్టర్లు చాచారు. నలుగురం కుడివైపు సందులోకి తిరిగి, తిన్నగా ఒక పెళ్ళి పందిట్లోకి దూసుకుపోయాం. పెద్దన్న మాత్రం ఎదురుగా స్కూటరు మీద వస్తున్న వాళ్ళ మామకు "నమస్తే మామా" అని అదే చెయ్యి ఊపి, ముందుకే పోయాడు.

ఎవరో మా మీద పన్నీరు చల్లారు. నా కళ్ళద్దాలు మసకబారాయి. "పిల్లగాని తరఫోల్లు వచ్చిన్రు" అని ఒక పెద్దమ్మ కేక వేసింది.

"మేము ఫ్యాక్టరీకి పోయేవాళ్ళమండీ" అన్నాను.

"అయితే ఏంది? పందిట్లకొచ్చి తినకుండ పోతరా? కూసోన్రి."

"ఒరేయ్, నా ఉద్యోగం" అంటూ బావ ఉప్మా మింగుతూనే లేచాడు. విస్తళ్ళు వదిలి సైకిళ్ళ దగ్గరికి పరుగెత్తాం. సందు చివర బావ లారీల మధ్యలోంచి దూరిపోబోయాడు. నేను ఆయన క్యారియర్ పట్టుకుని ఆపాను.

"బావా, పద్ధతి."

"నీ పద్ధతి తగలెయ్యా" అంటూనే చెయ్యి చాచాడు. నలుగురం వరసగా చేతులు చాచి నిలబడ్డాం. ఉప్పల్ వైపు నుంచి వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏందన్నా, రాస్తారోకోనా?" అన్నాడు. కాదని మేము చెప్పేలోపే ఇంజను ఆపేసి, బీడీ ముట్టించుకుని, చాయ్ బండి వైపు నడిచాడు. దాని వెనక బస్సు, బస్సు వెనక ఇంకో లారీ, అన్నీ ఆగిపోయాయి. మేము భద్రంగా దాటి, ఊపిరి బిగబట్టి తొక్కాం.

అప్పటికే సైరన్ ఆగిపోయింది. గేటు దగ్గర పెద్దన్న తల గోక్కుంటూ, "యాడ మాయమైన్రు మీరంత?" అన్నాడు. వాచ్‌మన్ బావ ముందు కర్ర అడ్డం పెట్టి, మేము ఎంతసేపు బతిమాలినా తియ్యలేదు. బావ ముఖం పాలిపోయింది. నేను అక్కకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా, మా వెనక నుంచి ఫోర్‌మన్ చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు.

"ఎవడో రాస్తారోకో వెట్టిండు. బస్సు దిగి నడుసుకుంట వచ్చిన" అని మమ్మల్ని చూశాడు. "మీరు గూడ గందుల్నే ఇరుక్కున్నరా?"

"అక్కడి నుంచే వస్తున్నాం సార్" అన్నాడు బావ, ఎంతో నిజాయితీగా.

"సరే, పోన్రి లోపలికి" అంటూ ఆయన మాకంటే ముందే గేటు దాటాడు.

మర్నాడు ఉదయం పెద్దన్న రెండు చేతులతో హ్యాండిల్ బిగించి పట్టుకున్నాడు. ఎదురుగా మళ్ళీ ఆ మామే. పెద్దన్న చెయ్యి ఎత్తలేదు, గంభీరంగా తల మాత్రం ఊపాడు. వెనక నేను ఊపాను, బావ ఊపాడు, ఫిట్టర్లు ఊపారు. మామ బిత్తరపోయి స్కూటరు ఆపుకున్నాడు. ఆ వరసలో అందరికంటే శ్రద్ధగా తల ఊపిన ఆ బక్కపలచటి గుమాస్తాను తలుచుకుంటే, ఇప్పటికీ వాడి మీద నవ్వూ ముద్దూ కలిసే వస్తాయి.