మాది కాని ఇంటిపేరు

ఎమ్మే హిస్టరీ పాసై, ఉద్యోగం రాక, నేను మా ఇంటిపేరు మీద పరిశోధన మొదలుపెట్టాను. ఎనభైల్లో గుంటూరు జిల్లాలో హిస్టరీ చదివినవాడికి అంతకంటే గౌరవమైన పని దొరకలేదు. మా ఇంటిపేరు ప్రకాశం జిల్లాలో పత్తి పండే ఒక ఊరి పేరు. మా పెద్దలు అక్కణ్ణించి వచ్చి పెదకాకాని దగ్గర స్థిరపడ్డారని మా నాన్న చెప్పేవాడు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన కాస్త నిటారుగా కూర్చునేవాడు. ఎవరైనా పని ఎగ్గొట్టి అరుగెక్కితే మాత్రం "ఇల్లరికపు అల్లుడిలా కూర్చున్నావేంరా" అనేవాడు. మా ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు.

ఆ ఊళ్లో బస్సు దిగి, టీ కొట్టు దగ్గర మా ఇంటిపేరూ, ఊరూ చెప్పాను. బెంచీ మీది పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ వంశంలో చివరికి మిగిలింది ఆడపిల్ల ఒక్కతే గదయ్యా. మా పక్కూరి కుర్రాణ్ణి ఇల్లరికం తీసుకుపోయారు."

"ఆవిడ మా నాయనమ్మండీ."

"అయితే నీ ఇంటిపేరు అది కాదుగా!"

బెంచీ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, చదువుకున్నవాణ్ణి కనక. మా తాతని మా ఊళ్లో అందరూ అత్తవారి పేరుతోనే పిలిచారనీ, బళ్లో మా నాన్నకూ అదే రాశారనీ తర్వాత తెలిసింది. నా పరిశోధన మాత్రం సగం గ్లాసు టీతో పూర్తయింది.

పత్తిచేల గట్ల మీదుగా ఆ పక్కూరు నడిచాను. తాత తమ్ముడు, అంటే నాకు చిన్నతాత, ఇంకా ఉన్నాడు. నేనెవరో చెప్పగానే నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"అన్న ఎట్టా ఉన్నాడయ్యా?"

"పోయి చాలా ఏళ్లయిందండీ."

మేం వాళ్లకు కబురు చెయ్యలేదు. మాకు వాళ్లున్నారనే తెలియదు. ఆయన లేచి, కట్టుబట్టలతోనే బావి దగ్గరికి వెళ్లి, బొక్కెనెడు నీళ్లు తల మీద పోసుకున్నాడు. రక్తసంబంధీకుడు పోయాడని ఎన్నేళ్లకు విన్నా, విన్న వెంటనే తలారా స్నానం చెయ్యాలి. ఆయన వెనక ఆయన భార్య, కొడుకులు, కోడళ్లు, ఒక్కొక్కరే వెళ్లి తడిసి వచ్చారు. తమను వదిలేసి వెళ్లాడనుకున్న మనిషి కోసం ఆ ఇల్లంతా నీళ్లోడుతుంటే, సొంత మనవణ్ణి, ఇస్త్రీ చొక్కాతో నేనొక్కణ్ణే పొడిగా కూర్చున్నాను. లేచి బావి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన కూడా నాకు తిరుగు బస్సులోనే వచ్చింది.

తల తుడుచుకుంటూ ఆయన అడిగాడు: "మా అమ్మ పోయినప్పుడు మనిషిని పంపాం. మీవాళ్లు అన్నం పెట్టి మరీ పంపారు. అన్న రాలా. పెద్దకర్మకీ రాలా. సర్లే. తానమన్నా చేశాడా అని. అంతే, ఇంకేం లేదు."

"కనుక్కొని చెబుతానండీ" అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. అడిగాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"అప్పుడు కోతలురా. మీ తాత చేలో ఉన్నాడు. చెబితే పోతాడు, పోతే కర్మంతరాలయిందాకా రాడు. కోతలయ్యాక చెబుదామన్నాడు మా నాయన."

"అయ్యాక చెప్పారా?"

"అయ్యాక ఏమని చెబుతార్రా? సంతలో ఎవరో చెబితే తెలిసింది ఆయనకి. అప్పటికప్పుడు కాలవలో మునిగొచ్చాడు. 'చూశావా అల్లుడూ, మీవాళ్లు నీకు కబురన్నా చెయ్యలా' అన్నాడు మా నాయన. ఆయనకసలే పౌరుషం. మళ్లా ఆ గుమ్మం తొక్కలా."

"నువ్వన్నా చెప్పొచ్చుగా?"

"నేనుండేది మా నాయనింట్లో గదరా."

అరుగు మీద మా నాన్న అంతా విన్నాడు. "అయిందేదో అయింది. నువ్వా ఊరు మళ్లీ వెళ్లమాక" అన్నాడు. వంశగౌరవం గురించి ఆయన అంత క్లుప్తంగా మాట్లాడటం అదే మొదటిసారి.

వెళ్లాను. అన్నం పెట్టి పంపి, కబురు దాచి, తాతతో అబద్ధమాడింది మా ఇల్లేనని మొహమ్మీద చెప్పాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. చిన్నతాత ఉన్నట్టుండి ఇంట్లోకి కేకేశాడు.

"ఏమే! అన్నకి మన కబురు అందనే లేదంట! విన్నరోజే కాలవలో మునిగాడంట!"

సంబంధం కుదిరినంత సంతోషంగా అరిచాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"చూస్తావేమే? కాళ్లకి నీళ్లియ్యి. మన పిల్లోడు" అన్నాడాయన.

నేను చెప్పులు విప్పుతూ తల దించుకున్నాను. విప్పడం అయిపోయాక కూడా ఎత్తలేకపోయాను.